ఒక్కసారి తెచ్చుకుంటే ఇంటిల్లిపాదికీ

మద్దికెరలో ఉన్న మా భాంజీ డిగ్రీ చదువుతూనే ఇంట్లో లినక్స్ నేర్చుకుంటోంది. ఉబుంటు లాప్‌టాప్ ఒక్కటే, అందులో వర్చువల్‌బాక్స్ వేసి మూడు డెబియన్ మెషీన్లు నడుపుతుంది. ఒకటి వెబ్ సర్వర్, ఒకటి డేటాబేస్, ఇంకొకటి చెడగొట్టి బాగుచేసుకోవడానికి. నెట్ అంటే వాళ్ల అబ్బా ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు ఒకటిన్నర జీబీ. తమ్ముడి క్లాసులూ, సౌదీ నుంచి చిచ్చా వీడియో కాలూ అందులోనే.

మూడు మెషీన్లలో అప్‌డేట్ పెడితే ఒకే ప్యాకేజీ మూడుసార్లు దిగుతుంది. ప్రతి మెషీన్ తన కాష్‌లో తను దాచుకుంటుంది, పక్కదానికి ఆ ఖబరే ఉండదు. జొహర్ వేళకే డేటా ఖతం. చదువు మానమని ఇంట్లో ఎవరూ అనలేదు. "ఈ రోజుకు చాల్లే బేటీ" అన్నారంతే. ఆడపిల్లల చదువు చాలాసార్లు ఇలాంటి చిన్న మాటల దగ్గరే ఆగిపోతుంది.

కాష్ ఫోల్డర్‌నే మూడింటికీ షేర్ చేద్దామా అనుకుంది. కానీ యాప్ట్ పనిచేసేటప్పుడు ఆ ఫోల్డర్‌కు తాళం వేసుకుంటుంది. షేర్డ్ ఫోల్డర్‌లో ఆ తాళం సంగతి అన్ని మెషీన్లకూ తెలుస్తుందన్న భరోసా లేదు. రెండూ ఒకేసారి రాస్తే ఫైళ్లు ఖరాబ్.

అందుకే లాప్‌టాప్‌లో యాప్ట్-కాషర్-ఎన్‌జీ పెట్టుకుంది. 3142 పోర్టులో నడిచే చిన్న ప్రాక్సీ అది. మూడు మెషీన్ల యాప్ట్ సెట్టింగుల్లో ఆ అడ్రసు రాస్తే చాలు. మొదటి మెషీన్ అడిగింది బయటి నుంచి తెచ్చి దాచుతుంది, మిగతా రెండింటికీ ఇంట్లోంచే ఇస్తుంది. మూడింటిలోనూ డెబియన్ వెర్షన్ ఒకటే అయితే పూర్తి ఫాయిదా. రిపాజిటరీ అడ్రసు హెచ్‌టీటీపీతో ఉండాలి. హెచ్‌టీటీపీఎస్ అయితే మామూలుగా నిల్వ కాదు.

"మధ్యలో ఎవరైనా మార్చేస్తే?" అంది మా ఆపా. సవాల్ మంచిదే. డెబియన్ వాళ్ల సంతకం ఉన్న జాబితాల ద్వారా ప్రతి ప్యాకేజీ హాష్‌నూ సరిచూడొచ్చు. అది కలవకపోతే యాప్ట్ ఆ ఫైలును ఒప్పుకోదు. అమానత్ ఎన్ని చేతులు మారినా, ముద్ర చూశాకే తీసుకున్నట్టు.

పారే నది ఒడ్డున వుజూ చేసినా నీళ్లు వృథా చేయొద్దని పెద్దలు నేర్పారు. డేటాకూ అదే ఉసూల్. ఇస్రాఫ్ తగ్గింది, బర్కత్ కనబడుతోంది. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు ఇషా తర్వాత కూడా ఆ పిల్ల చదువుకుంటోంది.