కంటి కొసన సన్న కాలువ

రామన్నపేటలో దిగి సిరిపురం వెళ్లాను. చిటికి చీరలు నేసే ఊరు. నేను చూడవచ్చిన పెద్దాయన గుంత మగ్గంలోనే కూర్చుని ఉన్నాడు, నాడె మాత్రం కదలడం లేదు.

ఆయన ఎడమ కంటి లోపలి కొసన, ముక్కు పక్కగా ఓ కురుపు చాలాకాలం మానలేదు. పొక్కు కట్టేది, రాలేది, మళ్లీ రక్తం చెమర్చేది. ముక్క పరీక్షలో బేసల్ సెల్ క్యాన్సర్ అని తేలింది. పట్నంలో ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. అప్పటి నుంచి ఆ కన్ను కారుతూనే ఉంది.

“పానమైతే దక్కింది బిడ్డా, గని నీళ్లు ఆగుతలెవ్వు. ఒక్క పోగు రెండయి అగుపడుతది” అన్నాడు తువ్వాలతో ఒత్తుకుంటూ. చిటికి నేతలో పడుగు రంగు, పేక రంగు హద్దు తప్పకుండా కలవాలి. కంటి మీద నీటిపొర నిలిస్తే ఆ హద్దే కనపడదు. కన్ను కారడం కూడా ఒక జబ్బేనా అనేవాళ్లు ఈ మగ్గం ముందు కాసేపు కూర్చోవాలి.

రెండు రెప్పలకూ లోపలి కొసన సూదిమొనంత రంధ్రం ఒక్కొక్కటి ఉంటుంది. అక్కడి నుంచి దాదాపు 10 మిల్లీమీటర్ల సన్న కాలువ బయల్దేరుతుంది. 2 మిల్లీమీటర్లు నిలువుగా, మిగతా 8 అడ్డంగా పోయి ముక్కు పక్కనున్న సంచిలో కలుస్తుంది. సంచి నుంచి నాళం ముక్కులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. ఈ కాలువలు రెప్ప అంచునే, చర్మం కిందే ఉంటాయి. ఆ కొసన పుట్టిన క్యాన్సర్ లోతుకు పాకుతుంది, వదిలేస్తే కనుగుంతలోకీ చేరుతుంది. కాబట్టి గడ్డతో పాటు కాలువనూ కోయాల్సి వస్తే కోయాల్సిందే. డాక్టరును నేను తప్పుపట్టను. నా బాధంతా ఆ సంగతి ఆయనకు ముందు ఎవరూ చెప్పకపోవడం గురించే. సంతకం మాత్రం తీసుకున్నారు.

కాలువ తెగకపోయినా కన్ను కారవచ్చు. గాయం మచ్చ ముడుచుకుని రెప్పను బయటికి లాగితే రంధ్రం కన్నీటికి అందదు. రెప్పార్పే కండరమే కన్నీటిని లోపలికి తోస్తుంది, అది దెబ్బతిన్నా అంతే. మరోవైపు కింది కాలువ పోయినా పైదాంతోనే సరిపోయేవాళ్లూ ఉన్నారు. అందుకే ముందు పరీక్ష చేయాలి. కంట్లో రంగు చుక్క వేసి ఎంతసేపటికి పోతుందో చూస్తారు, సిరంజితో ఉప్పునీళ్లు పంపి గొంతులోకి దిగుతున్నాయా అని అడుగుతారు.

కాలువ కొంత మిగిలితే ఆపరేషన్ బల్ల మీదే సిలికాన్ గొట్టం పెట్టి దారి మూసుకుపోకుండా కాపాడవచ్చు. పూర్తిగా పోతే జోన్స్ గొట్టమనే గాజు గొట్టాన్ని కంటి కొస నుంచి ముక్కులోకి అమరుస్తారు. క్యాన్సర్ తిరగబెట్టలేదని నమ్మకం కుదిరాకే ఆ పని, లేకుంటే మిగిలిన కణాలకు ముక్కులోకి దారి ఇచ్చినట్టవుతుంది.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి నాళాల జబ్బులకే ప్రత్యేక విభాగం ఉందని, అక్కడి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చిందని చెప్పాను.

“గాజు గొట్టమా? మగ్గం మీద వంగితె ఊడదా?” అన్నాడు పెద్దాయన.

వంగితే ఊడదని, తుమ్మేటప్పుడు మాత్రం కన్ను మూసి కొసను వేలితో అదిమిపట్టాలని చెప్పాను.

“ముందుగాల పై కాలువ మంచిగున్నదో లేదో చూపిద్దాం మామా” అంది కోడలు, ముక్క పరీక్ష కాగితాలు సంచిలో పెడుతూ. ఆపరేషన్ చేసినచోట సర్జన్ రాసిన నోట్ కూడా అడిగి తెచ్చుకోమన్నాను. ఏ కాలువ ఎంతవరకు కోశారో అందులో ఉంటుంది.