మెట్లక్రింది కొట్టు

మా యింటి మెట్లక్రింద నొక చిన్న కొట్టు కలదు. లోతు 4 అడుగులు, వెడల్పు 3 అడుగులు. లోపల మూడు కడపబండల అరలు. ఉప్పు, చింతపండు, కందిపప్పు, ఊరగాయ జాడీలు, ఏటికొకసారి వెలికివచ్చు వ్రతపు పళ్లెములు, సర్వమును దానిలోనే. ఈ యింటికి వచ్చి 21 సంవత్సరములైనది. ఈ కాలములో మా చదువు బల్లమీది దీపమును మూడుమారులు మార్చుకొంటిమి. ఎవరును కూర్చుండని ముందరి వసారాలో రెండు దీపములు పెట్టించితిమి. కొట్టులో దీపము పెట్టింపవలెనన్న తలంపు మాత్రము ఒక్కనాడును కలుగలేదు. కారణమేమని యోచింపగా సిగ్గుపడదగిన సమాధానము దొరకినది: ఆ కొట్టులోనికి మేము పోము.

పోవువారు మా తల్లిగారును, మా భార్యయును. మొన్నటి వేసవిలో మా భార్య ఒకచేత ఫోను దీపమును, వేరొకచేత ఆవకాయ జాడీని పట్టుకొని వెలికి వచ్చుచుండగా జాడీ జారినది. పెంకు పాదమున దిగినది, గాయముమీద కారము. ఆమె పాదమును కడుగుచు మా చిన్నవాడు, "నాన్నగారూ, ఫ్రిజ్జులో వంకాయలకు దీపమున్నది గాని అమ్మకు లేదండీ" అనెను. ఇరువదియేండ్లుగా పాఠములు చెప్పుచున్న మాకు ఆ పాఠము చాలినది.

ఇక మా తల్లిగారు ఒప్పుకొనలేదు. "వెలుతురు తగిలిన పసుపు వెలియును నాయనా. నూనె కంపుపట్టును. కొట్టు చీకటిగానే యుండవలెను" అని ఆమె వాదము. మూఢవిశ్వాసములనుగూర్చి సభలలో ఉపన్యసించిన అలవాటు మాకున్నది. ఇదియు వానిలో నొకటియే యని తేల్చివేసి, రసాయనశాస్త్రము బోధించు మా సహోపాధ్యాయునితో హాస్యముగా చెప్పితిమి. ఆయన నవ్వలేదు. పసుపునకు రంగునిచ్చు పదార్థము వెలుతురునకు క్షీణించుననియు, నూనెలు వెలుతురున త్వరగా చెడుననియు, మా తల్లిగారు చెప్పినదే సరియనియు చెప్పెను.

చీకటి ఒక ద్రవ్యమా, లేక వెలుతురు లేకపోవుట మాత్రమేనా యని మన శాస్త్రకారులు వాదించుకొనిరి. భాట్టమీమాంసకులు ద్రవ్యమేయనిరి, నైయాయికులు తేజస్సుయొక్క అభావమనిరి. అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికలో ఈ వివాదమునెత్తి అభావపక్షమునే నిలిపెను. విద్యార్థిదశలో మేమును ఆ పక్షమువారమే. మా తల్లిగారు ఏ శాస్త్రమును చదువకయే మీమాంసకులలో చేరినది. ఆమెకు చీకటి ఉప్పువలె, బెల్లమువలె ఇంటిలో కాపాడుకొనవలసిన వస్తువు.

తలుపు తెరచినంతసేపే వెలిగి, మూయగానే ఆరు దీపమైన చాలునని రాజీ కుదిరినది. పాతకాలపు తీగబల్బు తిన్న విద్యుత్తులో అధికభాగమును వేడిగా కక్కును. గోనెసంచుల నడుమ అది తగదు. నేటి ఎల్.ఇ.డి. దీపములకు ఆ వేడి లేదు. 2014లో అకసాకి, అమానో, నకమూరాలకు నోబెల్ బహుమానము వచ్చినది నీలికాంతినిచ్చు ఈ జాతి దీపమునకే. తెల్లని వెలుతురు సాధ్యమైనది దానివలననే. 12 వోల్టుల దీపపుపట్టీ నొకదానిని కొంటిమి. తలుపునకొక అయస్కాంతపు ముక్క, ద్వారబంధమున దానికెదురుగా నొక చిన్న మీట. పని యంతయు మా చిన్నవాడు చేసెను. మేము వెలుపల నిలిచి సలహాలిచ్చితిమి. మొదటి సలహాయే తప్పినది. దీపమును పైకప్పున పెట్టుమంటిమి. నల్లని బండ నీడ క్రింది అరలను మునుపటికంటె చీకటి చేసినది. పట్టీని ఊడదీసి, ద్వారబంధము లోపలివైపున రెండు ప్రక్కల నిలువునా అంటించిన తరువాత గాని మూడు అరలును కనబడలేదు.

"మూసిన తరువాత ఆరినదని ఎట్లు తెలియునురా?" అని మా తల్లిగారు మనుమని అడిగినది. వాడు తన ఫోనును లోపల పెట్టి చలనచిత్రము తీయించి, తలుపు మూసి తెరచి చూపెను. ఆమె తెరవైపు చూచి, "సరే" అన్నది. చూచిన దేమో అప్పుడు మేము గమనింపలేదు.

మా భార్య కొట్టు ముందర నిలిచి నవ్వినది. కనబడక మరల మరల కొన్న మెంతులు మూడు డబ్బాలున్నవి. తరువాత మా తల్లిగారు శొంఠికొరకు పోయినది. దీపము వెలుగుచునే యున్నది. ఆమె చేయి చాచి, డబ్బా వెంబడి డబ్బా మూత తడవుచు, ఒకదానిని తెరచి వాసన చూచి, మరల మూసి, ముందుకు జరుగుచుండెను. శొంఠిడబ్బా, గాజుది, ఆమె ముఖమున కెదురుగా జానెడు దూరములో నున్నది.

"అమ్మా, నీ యెదుటనే యున్నది గదా."

"ఏదీ?"

చీకటిలో అందరును చేతితోనే చూతురు. కనుక ఆమెకు కండ్లు ఎప్పుడు ఆగిపోయినవో ఇంటిలో నెవరికిని తెలియలేదు. ఎన్నాళ్లనుండి యని యడిగితిమి. "మసక కమ్మి మూడేండ్లాయె నాయనా. కొట్టులో నాకు కండ్లతో పనియేమి?" అని కొంగున నున్న తాళపుచెవులను సర్దుకొన్నది. దీపము వద్దన్నది పసుపుకొరకేనా యని మేమడుగలేదు. ఆమెయు చెప్పలేదు.

రెండు కండ్లలోను ముదిరిన శుక్లములు. శ్రావణమున ఒక కంటికి, భాద్రపదమున రెండవదానికి శస్త్రచికిత్స జరిగి, లోపల క్రొత్త కటకము లమర్చిరి. తాళపుచెవులను ఆ రెండు నెలలు మా భార్య తీసికొనలేదు. ఆసుపత్రి మంచముపై తలగడక్రిందనే యున్నవి.

దసరాముందర నొకనాటి యుదయమున మా తల్లిగారు తానే కొట్టు తెరచినది. దీపము వెలిగినది. చాలసేపు మాటలేదు.

"ఇంత బూజు పెట్టుకొని ఏమి కాపురమే యిది!"

"చీపురు తెత్తునా, అత్తయ్యగారూ?"

"నీ వెందుకు? వానిని పిలువు. పొడుగుగా నున్నాడు గదా."

మేము చదువుచున్న పత్రికను బల్లపై పెట్టి లేచి, చీపురందుకొని, వంగి లోనికి దూరితిమి. పై అర బండ తలకు తగిలినది.