ఎక్సెల్ షీట్‌లో లేని గొంగడి

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకి 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, నారాయణఖేడ్ వైపు మా ఊళ్లో ఎవర్ని కదిపినా గొర్రెల లెక్కలే. సెలవులకి వెళ్లిన నేను కూడా మా పెద్దబాపు ముందు ల్యాప్‌టాప్ తెరిచాను.

ఆయనవి నల్ల దక్కనీ గొర్రెలు. నెల్లూరు పొట్టేలుతో దాటిస్తే పిల్లలు పొడుగ్గా, బరువుగా పుడతాయి. దక్కనీ ఉన్ని మోటుది, అమ్మితే కత్తిరింపు కూలి కూడా రావట్లేదు. "నల్ల పొట్టేళ్లని అమ్మెయ్ పెద్దబాపూ" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మేశాడు. ఇంజనీరు చెప్పాడు కదా!

లెక్క తప్పలేదు. పిల్లలకి మంచి ధరే వచ్చింది. కానీ నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, వెంట్రుకలే. ఈత ఈతకీ మంద నున్నబడింది.

పోయినేడు మా చెల్లె పెళ్లి. మా ఇంట్లో పెళ్లికి గొంగడి పరవాలి, అదీ సొంత మంద ఉన్నితో నేసింది. చింతగింజల గంజి పెట్టి నేసే ముసలాయన ఊళ్లో ఇంకా ఉన్నాడు. ఉన్నే లేదు. చివరికి పక్కింటి పాత గొంగడి అడిగి తెచ్చాం.

"నువ్వు మాంసం లెక్కవెట్టినవ్ బిడ్డా. నేనన్న జెప్పకపోతి" అన్నాడు పెద్దబాపు. తిట్టినా బాగుండేది.

ఏం కొలవాలో తెలియకుండా ఆప్టిమైజ్ చేయొద్దని ఆఫీసులో జూనియర్లకి చెప్తుంటాను. ఆ రోజు నేను ఆయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏటా ఎన్ని పిల్లలు చస్తున్నాయని. వానలకి ముందే చిటుక రోగం టీకా, పీపీఆర్ టీకా, వేళకి నట్టల మందు, ఒకే రక్తం కలవకుండా వేరే మందతో పొట్టేలు మార్పిడి: జాతి మార్చకుండానే మంద పెరిగే దారులివి. చేలో మంద కడితే రైతు ఇచ్చే గింజలు, ఏటేటా ప్లాట్లయిపోతున్న బీళ్లు కూడా నా షీట్‌లో లేవు. గొర్రెని కిలోలుగా చూశాను. ఆయనకది ఎరువు, ఉన్ని, కరువులో నడిచే కాళ్లు కూడా.

ఈమధ్య బీదర్ వైపు చుట్టాల దగ్గర్నుంచి ఒక నల్ల పొట్టేలు తెచ్చుకున్నాడట. నన్ను అడగలేదు.