అడగకుండా అతికించిన బొమ్మ

మా వీధిగోడకు సున్నం వేయించిన మరునాడే ఎవరో సినిమా వాల్‌పోస్టరు అంటించి పోతే మేమిద్దరం ఎంత బాధపడ్డామో చెప్పలేము. అందుకే పారిస్‌లో మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు, మనుమడు "అమ్మమ్మా, తాతయ్యా, అదిగో!" అని వీధిమలుపులో గోడమీది బొమ్మ చూపిస్తే మాకు నచ్చలేదు.

చిన్న చదరపు టైల్స్ అతికించి చేసినది. చూడడానికి పీతలా ఉంది. 1978లో జపానులో వచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్' అనే వీడియో గేములో పైనుంచి దిగివచ్చే శత్రువట! ఆనాటి తెరమీద బొమ్మలు చదరపు చుక్కలే గనుక టైల్స్‌లో చక్కగా ఒదిగింది. 'ఇన్వేడర్' అని పేరు పెట్టుకున్న ఫ్రెంచి చిత్రకారుడొకాయన, ముఖం చూపకుండా, 1990ల నుంచి ఊరూరా వీటిని అతికిస్తున్నాడు. నాలుగువేలు దాటాయి. మన వారణాసిలోనూ అతికించాడు.

"ఇంటివాళ్లను అడిగాడా?" అన్నాము.

"చాలాచోట్ల అడగడు, తాతయ్యా."

తప్పే అన్నాము. ఇప్పటికీ అదే అంటాము.

అయితే మరో సంగతి చెప్పాడు. అమ్ముకుందామని దొంగలు వీటిని ఊడబెరుకుతారు. టైల్స్ ముక్కలైపోతాయి. అప్పుడు అభిమానులు అవే రంగుల టైల్స్ కొని, పాత ఫోటో చూసి ఒక్కొక్కటి లెక్కపెట్టుకుని, అదే చోట మళ్లీ అతికిస్తారట. ఎవరూ కూలి ఇవ్వరు. మా గోడమీద పోస్టరు చింపినవాళ్లున్నారు గాని, సున్నం పూసినవాళ్లు లేరు మరి!

తిరుగు ప్రయాణానికి ముందురోజు ఆ మలుపు దగ్గర ఆగి, ఉందో లేదోనని ఇద్దరమూ తలలెత్తి చూశాము.