పౌర్ణమి నాటి ఇసుక దిబ్బ

మా నల్లపాడులో నీళ్ళంటే బావిలో తొంగిచూస్తే కనబడేవి. మాఘమాసం వచ్చేసరికి ఎక్కడ చూసినా ఎండుమిరపకాయల ఘాటు. తుమ్మకుండా పది మాటలు మాట్లాడినవాడే ఘనుడు. అలాంటి చోటినుంచి వెళ్ళి సముద్రం నడుమ నిలబడి రావాలని మా బావగారికి బుద్ధి పుట్టింది.

అమావాస్యకు రమ్మన్నాడు నిజాంపట్నం పడవ పెద్దాయన. ఆనాడే దిబ్బ బాగా తేలుతుందట.

"అమావాస్యనాడు ప్రయాణమా!" అంటూ అత్తయ్య పంచాంగం మూసేసింది.

"అయితే పున్నమికి రండి బాబూ, రెండూ ఒకటే" అన్నాడాయన. నిజమే. ఆ రెండు తిథుల్లోనూ సూర్యచంద్రులు ఒకే వరసనుంచి నీటిని లాగుతారు. పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది.

గుంటూరులో రేపల్లె రైలెక్కాం. రేపల్లెతో పట్టాలు సరి, అక్కణ్ణించి బస్సు. నిజాంపట్నం ఇవాళ చేపల రేవుగాని, 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబ్ ఓడ వచ్చింది ఇక్కడికే. వాళ్ళ నోట ఈ ఊరు పెట్టపోలీ అయింది!

మంచు దేశాల్లో ఇన్యూట్లు సీలు తోలుతో ఒంటిమనిషి పడవ కట్టుకునేవారు. దాని పేరు కయాక్. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేసి షికార్లకు వాడుతున్నారు. మాది మాత్రం ఆరుగురు మనుషులూ, ఒక పులిహోర గిన్నె, ఒక గొడుగూ ఎక్కిన నాటుపడవ. మడచెట్లు వెనకబడ్డాక ముందు నురుగు గీత కనిపించింది, తర్వాత తడిసిన ఇసుక వీపు. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఇసుకను అలలు నెట్టి వేసిన మేట. చిట్టి పీతలు ఇసుకను ఉండలుగా చుట్టి దిబ్బంతా ముగ్గులు పెట్టాయి. కాలు మోపడానికి మనసొప్పలేదు.

పెద్దాయన నీటి అంచుకు నాలుగడుగుల ఇవతల గెడ పాతాడు. "నీళ్ళు దీన్ని దాటితే పిలవకుండానే వచ్చెయ్యాలి" అన్నాడు.

పులిహోర అయింది. నీళ్ళు గెడ దాటాయి. "ఇంకో పది నిమిషాలు" అన్నది ఎవరో కాదు, నేనే. మన తీరంలో పోటు మహా అయితే మీటరుకు కాస్త అటూ ఇటూ, అదేం చేస్తుందనుకున్నాను. కాని అది మొదటి గంటలో నడుస్తుంది, మూడూ నాలుగూ గంటల్లో పరుగెడుతుంది. ఎదటినుంచే వస్తుందనీ లేదు. ముందు వెనకనున్న పల్లాలు నిండుతాయి.

బావగారి చిన్నది అవతలి మిట్టమీద గవ్వలేరుకుంటోంది. మేం పొడికాళ్ళతో దాటిన పల్లం ఇప్పుడు పారుతోంది! బావగారి నోట మాట రాలేదు. నేను దిగబోయేలోగా పెద్దాయన దిగాడు. నీళ్ళు ఆయన నడుముకొచ్చాయి. పిల్లను భుజాన వేసుకుని, పక్కకు లాగే నీటికి ఏటవాలుగా నడిచి వచ్చాడు. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువగా తగిలింది. పిల్ల మాత్రం జారిపోయిన గవ్వలకోసం రేవుదాకా ఏడ్చింది.

పడవలోంచి వెనక్కి చూస్తే దిబ్బ లేదు. గెడ కొస మాత్రం ఊగుతోంది.

"ఎలా ఉంది సముద్రం?" అంది అత్తయ్య, ఇంట్లో అడుగు పెట్టగానే. బావగారు మిరపఘాటుకు గట్టిగా తుమ్మి, ఆ వంకన లోపలికి వెళ్ళిపోయారు.