గల్లీ పోరడు గెలిచిన రాత్రి

2019 నవంబర్ 3, ఆదివారం. దీపావళి అయిపోయి వారమైంది. అయినా ఆ రాత్రి మా గౌలిపురా గల్లీలో ఎవరింట్లోనో మిగిలిపోయిన పటాకుల దండ ఒకటి పేలింది. టీవీలో చిరంజీవి చేతుల మీదుగా రాహుల్ సిప్లిగంజ్ బిగ్ బాస్ మూడో సీజన్ ట్రోఫీ అందుకుంటున్నాడు. 'గెలిచిండే! మన పోరడు గెలిచిండు!' అంటూ మా అత్తమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. మా ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని గల్లీలోకి ఉరికాడు. బయట పిల్లలు అరుగుల మీద డబ్బాలు వాయిస్తున్నారు.

నేనూ చప్పట్లు కొట్టాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. పాతబస్తీ అంటే టీవీలో కర్ఫ్యూ, కొట్లాట, మురికి, లేకపోతే బిర్యానీ. అంతకు మించి మమ్మల్నెవరూ చూపించింది లేదు. మంగళ్‌హాట్‌లో పుట్టి, తండ్రి సెలూన్లో చేయి అందిస్తూ పాట నేర్చుకున్న పిల్లాడు, మా యాసలోనే మాట్లాడుతూ, మా తిట్లే తిడుతూ, 105 రోజులు ఆ ఇంట్లో ఉండి యాభై లక్షలు గెలుచుకొచ్చాడు. సంతోషం కాదా మరి?

అప్పుడు పదమూడేళ్ల నా బిడ్డ ఒక మాట అడిగింది. 'అమ్మా, నేను గూడ గల్లీల గట్ల పాడుకుంట తిరిగితె మీరు పటాకులు కాలుస్తరా?'

అందరం నవ్వాం. ఆ నవ్వు గురించే ఇన్నేళ్ల తర్వాత రాయాలనిపిస్తోంది.

* * *

ఆ సీజన్ మొదలైంది 2019 జూలై 21న. ఆ రోజు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు. తర్వాతి ఆదివారం మా లాల్‌దర్వాజా బోనాలు. ఇంటి నిండా చుట్టాలు, వంటింట్లో నేను. టీవీ మాత్రం అందరి మధ్య మోగుతూనే ఉంది. మొదటి రెండు సీజన్లు మేం పట్టించుకోలేదు. మొదటి దాంట్లో ఎన్టీఆర్, రెండో దాంట్లో నాని వచ్చినా మా ఇంట్లో సీరియళ్లదే రాజ్యం. మూడోసారి మా అత్తమ్మను కూర్చోబెట్టింది నాగార్జున కాదు, తీన్మార్ సావిత్రి. వీ6 చానెల్లో తెలంగాణ యాసలో వార్తలు చదివిన శివజ్యోతి ఆ ఇంట్లోకి వెళ్లిందని తెలిసి, 'మన పిల్ల పోయింది, సూద్దాం' అన్నది.

పక్కింటి ఆపా కూడా రాత్రి తొమ్మిదిన్నరకల్లా మా ఇంటికి వచ్చేసేది. ఆమెకు తెలుగు సగమే అర్థమయ్యేది. ఆమె పక్షం అలీ రెజా. అతను మధ్యలో ఎలిమినేటై వెళ్లిపోయినప్పుడు రెండు రోజులు మా ఇంటికి రాలేదు. మళ్లీ ఇంట్లోకి పంపించారని తెలిసి ఖీర్ గిన్నెతో వచ్చింది. మేం నలుగురం ఆడవాళ్లం, అత్తమ్మ, ఆపా, నేను, నా బిడ్డ, ఒకే చాప మీద కూర్చుని మూడు నెలలు గడిపాం. అందుకైనా ఆ సీజన్‌కు నేను రుణపడి ఉన్నాను.

ఆ చాప మీద మేం మాట్లాడుకున్నవి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. శ్రీముఖి గట్టిగా మాట్లాడితే 'మగరాయుడు' అన్నాం. శివజ్యోతి ఏడిస్తే 'ఊకె ఏడుస్తది' అన్నాం. పునర్నవి మొహం ముడుచుకుంటే 'తల పొగరు' అన్నాం. వితిక భర్త వరుణ్ సందేశ్ మీద చిరాకు పడితే 'మొగుణ్ని గట్లనా అనేది' అన్నాం. అదే మగవాళ్లు అరిస్తే ఆటలో ఆవేశం. ఏడిస్తే మంచి మనసు. పనికి బద్ధకిస్తే అమాయకత్వం. పునర్నవి ఎలిమినేటైన వారం మా ఇంట్లో అందరం అన్న మాట ఒకటే... 'ఇగ పిల్లగాడు మంచిగ ఆడుతడు.' ఆమె అక్కడికి తన ఆట తను ఆడుకోవడానికి వచ్చిందన్న సంగతి మాకు తట్టనేలేదు.

ఆగస్టు చివర్లో నాగార్జున లేని వారాంతం రమ్యకృష్ణ వచ్చి షో నడిపింది. 'ఆడిది అడిగితె గిట్లనే అడగాలె' అని అత్తమ్మ మురిసిపోయింది. అడిగే కుర్చీలో ఉన్న ఆడదాన్ని మెచ్చుకోగలిగాం, జవాబు చెప్పే చోట ఉన్నవాళ్లను కాదు.

ఆ ఇంట్లోకి వైల్డ్ కార్డుతో తమన్నా సింహాద్రి వచ్చింది, ట్రాన్స్ మహిళ. మా గల్లీలో బోనాల నాడు హిజ్రాలు బోనమెత్తుకుని వస్తే కాళ్లకు నీళ్లు పోసి మొక్కుతాం. అదే వారాల్లో టీవీలో ఆమె తన హక్కు గురించి గట్టిగా మాట్లాడితే చానెల్ మార్చమన్నాం. అమ్మవారు పూనినప్పుడు వినపడే గొంతు, మామూలు మనిషిగా మాట్లాడితే మాకు గొంతులా వినపడలేదు.

షో మొదలుకాకముందే ఒక జర్నలిస్టు, ఒక నటి పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఎంపిక సమయంలో తమను అసభ్యంగా అడిగారని వాళ్ల ఆరోపణ. మేం దాన్ని పేపర్లో చదివాం. 'పోకుంటె అయిపాయె గద' అని మడిచి పక్కన పెట్టాం. ఆడవాళ్లకు ప్రతిచోటా మేం చెప్పే మాట అదే కదా, పోకుంటే అయిపోతుంది.

* * *

నాకు ఆ ఆట ఎందుకంత పట్టిందో చాలా కాలానికి అర్థమైంది. ఇంటి నిండా కెమెరాలు. మొహం లేని ఒక మగ గొంతు ఆజ్ఞలిస్తుంది, ఎదురడగడానికి లేదు. వంట ఎవరు చేశారు, గిన్నెలు ఎవరు తోమారు అన్నదాని మీద గొడవలు. వారానికోసారి ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో బయటివాళ్లు నిర్ణయిస్తారు. ఇది నాకు కొత్తదా? పెళ్లయి ఈ గల్లీకి వచ్చిన కొత్తలో నేను బతికిందంతా ఇదే కదా. మేడ మీద బట్టలారేస్తే ఎదురింటి కిటికీ, పాలకు పోతే మూలమీది పాన్ డబ్బా, పుట్టింటికి ఫోన్ చేస్తే పక్క గదిలో చెవి. ఆ ఇంట్లో మగవాళ్లకు వందరోజులు చూపుల కింద బతకడం ఒక పరీక్ష. గెలిస్తే బహుమతి. ఆడవాళ్లకు అది మామూలు బతుకు, అందులో ఎలిమినేషన్ ఉంటుంది గానీ ఫైనల్ ఉండదు.

ఫైనల్ వారం మేం ఓట్లేశాం. హాట్‌స్టార్‌లో, మిస్డ్ కాల్స్‌తో, ఇంట్లో ఉన్న ఫోన్లన్నింటితో. నా ఫోన్ నుంచి పోయిన ప్రతి ఓటూ రాహుల్‌కే. 'మన తెలంగాణ బిడ్డ' అన్నది ఒక్కటే కారణం. ఇప్పుడాలోచిస్తే, ఎదురుగా నిలబడ్డ శ్రీముఖి ఎక్కడిది? నిజామాబాద్‌ది. ఫైనల్‌కు వారం ముందు ఇంటిదారి పట్టిన శివజ్యోతి? ఆమెదీ నిజామాబాద్ జిల్లానే. తెలంగాణ బిడ్డలు ముగ్గురుంటే మాకు ఒక్కడే కనిపించాడు. మట్టి మనది అన్నప్పుడు ఆ మట్టికి కొడుకులే ఉంటారని మాకెవరు నేర్పారు?

రాహుల్‌ది ఏ తప్పూ లేదు. అతను కష్టపడి పైకొచ్చినవాడే. పండిట్ విఠల్‌రావు గారి దగ్గర గజల్ నేర్చుకున్నవాడు. గల్లీ మాటను, గల్లీ దరువును పాటగా మార్చి యూట్యూబ్‌లో పెట్టి జనంలోకి వెళ్లినవాడు. నా ప్రశ్న అతని గురించి కాదు, గల్లీ గురించి. మగపిల్లాడు పాట నేర్చుకునేది గురువు దగ్గర ఒక్కచోటే కాదు. వినాయకుడి మండపం దగ్గర, మర్ఫా వెనకాల, అర్ధరాత్రి చబుత్ర మీద స్నేహితులతో. కొన్నేళ్ల కిందట పాతబస్తీ పోలీసులు 'ఆపరేషన్ చబుత్ర' అని పెట్టి, రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకుపోయి, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సిలింగ్ ఇచ్చేవాళ్లు. ఆడపిల్లల కోసం అలాంటి ఆపరేషన్ ఎవరూ పెట్టనక్కర్లేకపోయింది. మా ఇళ్లల్లో అది రోజూ నడుస్తూనే ఉంది. నడిపేది మేమే, తల్లులం.

లెక్క చూస్తే, తెలుగు బిగ్ బాస్‌లో 2017 నుంచి 2024 దాకా టీవీలో వచ్చిన ఎనిమిది సీజన్లలో గెలిచింది మగవాళ్లే. 2018లో గీతా మాధురి, 2019లో శ్రీముఖి రెండో స్థానంలో ఆగిపోయారు. 2022లో ఓటీటీలో వచ్చిన సీజన్‌లో మాత్రం బిందు మాధవి గెలిచింది. హిందీలో నాలుగో సీజన్‌కే శ్వేతా తివారీ గెలిచింది. కన్నడలో శ్రుతి, తమిళంలో రిత్విక, మలయాళంలో దిల్షా గెలిచారు. అక్కడి సమాజాలు మనకన్నా గొప్పవని కాదు. కానీ మన ఓటు ఎటు పోతుందో కాస్త ఆగి చూసుకోవాలి కదా. ఓటు వేసే ఫోన్లు పట్టుకున్నవాళ్లలో సగం మంది నాలాంటి వాళ్లమే అయినప్పుడు!

* * *

ఫైనల్ జరిగిన ఇరవై నాలుగో రోజు నవంబర్ 27. శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారు. ఆ వారమంతా మా గల్లీలో టీవీలు మోగుతూనే ఉన్నాయి, పటాకులు మాత్రం లేవు. నా బిడ్డ అప్పుడు నాలుగు గల్లీల అవతల ఒక టీచరమ్మ దగ్గర పాట నేర్చుకునేది. సాయంత్రం ఆరింటికి పోయి ఏడున్నరకు వచ్చేది. గొంతు బాగుందని, ఆపొద్దని టీచరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఆపేశాను. మా ఆయన కాదు, అత్తమ్మ కాదు, నేనే. 'కొన్ని రోజులు పోవద్దు బిడ్డా' అన్నాను. అది వాదించలేదు. డిసెంబర్ 6న ఆ నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని తెలిసి జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ కథను నమ్మలేమని తేల్చింది. పూలు చల్లిన రోజు గానీ, నివేదిక వచ్చిన రోజు గానీ నా బిడ్డ సాయంత్రం ఆరింటికి గల్లీలో నడిచే వీలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. తర్వాత కరోనా వచ్చింది. 'కొన్ని రోజులు' నాలుగేళ్లయ్యాయి. అది పాడడం మానేసింది. వంటింట్లో కూడా.

2023 మార్చి 13 పొద్దున ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ కలిసి 'నాటు నాటు' పాడుతుంటే మళ్లీ మా గల్లీ అంతా టీవీల ముందే. అత్తమ్మ అప్పటికి లేదు. ఆపా వచ్చి కూర్చుంది. నేను మళ్లీ చప్పట్లు కొట్టబోయి పక్కకు చూశాను. నా బిడ్డ టీవీ వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది, శబ్దం లేకుండా. ఆపా అది చూసింది. నాతో మెల్లగా అన్నది: 'గొంతు తాళమేసి తాళంచెవి నీ దగ్గరే పెట్టుకుంటివి కదా.'

ఆపా బురఖా వేసుకుని, ముగ్గురు బిడ్డల్ని కాలేజీకి పంపి చదివించిన మనిషి. ఆమెను 'పాపం, వాళ్లలో అట్లనే ఉంటది' అనుకుంటూ బతికిన దాన్ని నేను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి బిడ్డ పక్కన కూర్చుని, 'నేను భయపడి ఆపించిన. తప్పైంది బిడ్డా' అన్నాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది, 'భయం నీది అమ్మా, శిక్ష నాకు పడింది.'

* * *

2024లో అది రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో సాయంత్రం క్లాసుల్లో చేరింది. అంతకు ముందు డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది కాబట్టి చార్జీల గురించి మా ఆయనను అడగాల్సిన పని లేకుండా పోయింది. చిన్న విషయంలా ఉంటుంది. కానీ డబ్బు అడగనక్కర్లేకపోతే అనుమతి అడగడం కూడా సగం తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది. మొదటి నెల నేను వెంట పోయాను. రెండో నెల బస్టాపు దాకా. ఆ తర్వాత అదే వద్దన్నది.

నాలుగేళ్లు పోయాయి. స్వరం కుదరడానికి మళ్లీ మొదటి నుంచి రావాల్సి వస్తోందని అంటుంది. ఏ షోకూ పోనంటుంది. పోతే పోనీ, పోకపోతే పోకపోనీ, అది దాని ఇష్టం.

నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. రాత్రి ఎనిమిది దాటితే ఇప్పటికీ గుమ్మంలో నిలబడతాను. అరుగు మీద కుర్రాళ్లుంటారు, పాన్ డబ్బా దగ్గర పెద్దమనుషులుంటారు. మొన్నొక రోజు ఆలస్యమైంది. గల్లీ మూల తిరగకముందే దాని గొంతు వినపడింది. ఆ రోజు నేర్చుకున్నదేదో సన్నగా పాడుకుంటూ వస్తోంది. అరుగు మీద ఒకడు తలెత్తి చూశాడు. 'మెల్లగ బిడ్డా, అందరు వింటరు' అన్న మాట నా నోటి దాకా వచ్చింది.

ఆపుకున్నాను. విననీ.