పేరు మారితే చాలదు

ఒక ప్రజను 'నల్లవారు' అని పిలిచి, ఆ పిలుపునే వారికి పేరుగా స్థిరపరచిన రోజులవి. సూరత్ జిల్లాలో అగ్రకులాలవారు 'ఉజళీపరజ్', అనగా తెల్లనివారు. చౌధరీ, గామిత్, ధోడియా, దుబ్లా మొదలైన ఆదివాసులు 'కాళీపరజ్'. దుబ్లాలలో అనేకులు పెళ్లికై చేసిన అప్పుకు బదులుగా భూస్వామి ఇంట 'హాళీ'లై, పాలేరుతనంలోనే జీవితాన్ని వెళ్లబుచ్చేవారు.

మేల్కొలుపు మొదట వారిలోనే కలిగింది. 1922లో దేవి ఆజ్ఞ అంటూ ఊరూరా ఆదివాసులు కల్లు, సారా మానివేశారు. గాంధేయ కార్యకర్తలు అది చూచి వారికి మరింత చేరువయ్యారు. 1925లో వేడ్ఛీ గ్రామంలో జరిగిన ఆదివాసుల సభకు గాంధీజీ స్వయంగా వచ్చారు. క్రమంగా 'కాళీపరజ్' స్థానంలో 'రాణీపరజ్', అనగా వనవాసులు, అనే పేరు వాడుకకు వచ్చింది.

పేరు మార్చవచ్చు. పోయిన గౌరవాన్ని తిరిగి తెచ్చుట ఎట్లు? సౌరాష్ట్రలో పుట్టిన జుగత్‌రామ్ దవే (1892–1985) ఈ ప్రశ్నకే తన జీవితాన్ని అర్పించారు. వేడ్ఛీ ఆశ్రమమే ఆయన ఇల్లయింది. అక్కడ గురువులు, పిల్లలు కలిసి నివసించేవారు. ఊడ్చుట, వండుట, నూలు వడకుట, సేద్యం చేయుట, ఇవన్నీ అక్షరాలతో సమానమైన పాఠాలే. ఈ అనుభవసారాన్ని ఆయన 'ఆత్మరచనా అథవా ఆశ్రమీ కేళవణీ' అనే గుజరాతీ గ్రంథంలో పొందుపరిచారు.

అయితే ఈ మార్గంలో ఒక చిక్కు ఉన్నది. చదువుకున్న బిడ్డ తండ్రి నాగలిని చూచి సిగ్గుపడితే, పాత అవమానమే బడి ద్వారా మళ్లీ ఇంటికి వచ్చినట్లు. బిడ్డ చేతికి నాగలే మిగిలితే, "మా పిల్లలకు మాత్రం మట్టిపనేనా?" అని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే.

1938 ఫిబ్రవరిలో ఈ జిల్లాలోని హరిపురాలోనే కాంగ్రెస్ మహాసభ చేతిపని కేంద్రంగా గల విద్యను ఆమోదించింది. స్వరాజ్యం వచ్చిన పిమ్మట దేశం పరీక్షల వైపు, ఉద్యోగాల వైపు మొగ్గింది. చేతిపని చాలా బడులలో ఒక పీరియడుగా కుంచించుకుపోయింది. వేడ్ఛీలో మాత్రం 1967లో గాంధీ విద్యాపీఠం వెలసింది.

2007లో ఆ గ్రామం సూరత్ నుండి విడివడి కొత్త తాపీ జిల్లాలో చేరింది. జిల్లా పేరు కూడా మారినది. కాని పుస్తకం పట్టిన చేయి నాగలి పట్టిన చేతిని సాటిదిగా చూడగలదా అన్న ప్రశ్న ఇంకను మన ప్రతి బడి గుమ్మం ముందు నిలిచే ఉన్నది.